కవిగారి మూడు కుందేళ్ళు

‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు’ అను సామెత తెలుగునాట పిన్నలకును పెద్దలకును తెలిసినదే. అది పట్టినవాని మొండితనమును గూర్చి చెప్పును గాని, పట్టుబడిన కుందేటి మాట అందులో లేదు. కాళ్ళు మూడైనను నాలుగైనను, ఆ చేతిలో ఆ ప్రాణి గుండె యెట్లు కొట్టుకొనుచున్నదో విచారించువారు అరుదు. అట్లు విచారించిన కవి యొకడు పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశములో నుండెను. ఆయన విలియం కూపర్. అక్షరముల ననుసరించి మనవారు కౌపర్ అనియు వ్రాయుదురు.

కూపర్ 1731లో జన్మించెను. ఆరేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. పిదప ఆయనను వసతి పాఠశాలలో చేర్చిరి. అచ్చట వయసున పెద్దవాడైన విద్యార్థి యొకడు ఆయనను చాటుగా హింసించెడివాడు. వాని మోకాళ్ళకు పైగా కన్నులెత్తి చూచుటకు ధైర్యము చాలక, పాదరక్షల కట్లను బట్టియే వానిని గుర్తించెడివాడనని కూపర్ తరువాత వ్రాసికొనెను. పెరిగి న్యాయశాస్త్రము చదివినను ఆ బెదురు ఆయనను విడువలేదు. 1763లో ప్రభువుల సభలో ఒక ఉద్యోగము లభింపనుండగా, అందులకై బహిరంగ పరీక్షకు నిలువవలసివచ్చునను భయముచేతనే ఆయనకు మతి చలించెను. సెంట్ ఆల్బన్స్‌లో ఒక వైద్యుని గృహమున చికిత్స పొందవలసివచ్చెను. 1767 నుండి బకింగ్‌హాంషైర్‌లోని ఓల్నీ గ్రామమున, మేరీ అన్విన్ అను ఉదారురాలి ఆదరణలో జీవించెను. 1773లో వ్యాధి తిరుగబెట్టెను. మరుసటి సంవత్సరమునకు కొంత తేరుకొనెను గాని, పుస్తకము చదువుటకు గాని పదిమందితో మాటలాడుటకు గాని మనసు నిలువకుండెను.

ఆ దినములలో పొరుగింటి పిల్లలకు ఎవరో మూడు నెలల కుందేటికూనను ఆటవస్తువుగా ఇచ్చిరి. వారికి దానిని ఏడిపించుట తెలిసినంతగా మేపుట తెలియదు. కొలదికాలములోనే విసుగును పుట్టెను. దినదినమును చిక్కిపోవుచున్న ఆ కూనను చూచి వారి తండ్రి దానిని కూపరునకు ఇచ్చెదననెను. తన మనఃస్థితికి ఇట్టి పనియే తగినదని కూపర్ సంతోషముతో అంగీకరించెను. ఈ వార్త తెలిసి ఊరివారు ఒకరిని మించి యొకరు కుందేటికూనలను తేసాగిరి. ఆయన మూటిని మాత్రము ఉంచుకొనెను. వాటికి పుస్, టైనీ, బెస్ అని పేరులు పెట్టెను. వీనిలో రెండు ఆడపేరులైనను మూడును మగవియే.

ఇచ్చట ఒక భేదము గమనింపదగినది. తెలుగులో ‘కుందేలు’ అను ఒక్క పదమే రెండు జాతులకు చెల్లుచున్నది. నేడు ఇండ్లలో పెంచు కుందేలు బొరియలలో నివసించు జాతికి చెందినది. దాని పిల్లలు కన్నులు తెరువక, బొచ్చు లేక పుట్టును. కూపర్ పెంచినవి పొలములలో ఆరుబయట జీవించు అడవికుందేళ్ళు. వాటి కూనలు పుట్టునప్పుడే బొచ్చుతో, తెరచిన కన్నులతో ఉండును. ఈ జాతిని మనుష్యుడు ఎన్నడును పెంపుడు జంతువుగా మార్చలేదు. కావున కూపర్ పూనిన కార్యము సామాన్యమైనది కాదు.

ఆయన ముందుగా చేసినది మచ్చిక కాదు, వడ్రంగము. మూటికిని వేర్వేరు పెట్టెలు స్వయముగా నిర్మించెను. మలినము అడుగునకు జారి క్రింది మట్టిపాత్రలో పడునట్లు అమర్చి, ఆ పాత్రను ప్రతిదినము కడిగించెడివాడు. పగలు అవి ఇంటి నడవలో తిరుగాడును. రాత్రి దేని పెట్టెలో అది నిద్రించును. ఆకుకూరలు, గడ్డి, ఓట్లు, చలికాలమున రొట్టెతో కలిపిన కేరట్టు తురుము, పలుచగా చెక్కిన ఆపిలు తొక్కలు వాటి ఆహారము. భయపడిన ప్రాణికి ముందుగా కావలసినది ఎవరును చొరబడని తన చోటు, వేళ తప్పని మేత. ముద్దుచేయుట తరువాతి మాట.

పుస్ ఒకమారు మూడు దినములు జబ్బుపడెను. కూపర్ దానిని తక్కినవాటినుండి వేరుచేసి, పలువిధములైన ఆకులు తినిపించి బ్రతికించెను. కోలుకొనిన పుస్ ఆయన చేతిని నాకసాగెను. మొదట చేతి వెనుకభాగము, పిదప అరచేయి, అటుపై ఒక్కొక్క వ్రేలు, తుదకు వ్రేళ్ళ నడిమి సందులు. ఏ భాగమును విడువలేదు. ఆ తరువాత ఆయన ప్రతిదినము ఫలాహారము కాగానే దానిని తోటకు ఎత్తుకొనిపోయెడివాడు. దోసతీగె ఆకుల చాటున అది సాయంకాలము వరకు పరుండెడిది. కొన్నాళ్ళకు ఆ వేళకై అదియే తొందరపడసాగెను. ముంగాళ్ళతో ఆయన మోకాలిని తట్టును, మోమువంక చూచును, అప్పటికిని ఆయన లేవకున్నచో కోటు అంచును పండ్లతో పట్టి లాగును. ఒడిలోనికి దుమికి, వెనుకకాళ్ళపై నిలిచి, ఆయన కణతలమీది వెండ్రుకలను కొరికెడిది. ఆయన మోకాలిపై నిద్రపోవుటయు కలదు. తోటలో ఆయన దానిని ఆకుల చాటునుండి వెలికి లాగలేదు, దాగుకొననిచ్చెను. దాగుటకు చోటున్నదని తెలిసిన తరువాతనే ఆ ప్రాణి వెలుపలికి వచ్చెను.

టైనీ కథ వేరు. దానికిని జబ్బు చేసెను. దానికిని అంతటి శుశ్రూషయే జరిగెను. కాని కోలుకొనిన పిదప నిమురబోయినచో గుర్రుమని, ముంగాళ్ళతో కొట్టి, ముందునకు దుమికి కరచెడిది. ఎంత దయ చూపినను దాని స్వభావము మారలేదు. అయినను కూపర్ దానిని వెడలగొట్టలేదు, దండింపలేదు, మేత తగ్గింపలేదు. దాని చిరచిరలోనే వినోదము చూచుకొనుచు తొమ్మిదేండ్లు పోషించెను. అది మరణించినప్పుడు ఆంగ్లమున ఒక స్మృతిపద్యము వ్రాసెను. ఆయన కుందేళ్ళపై వ్రాసినవానిలో నేటికిని ఎక్కువగా చదువబడుచున్నది మచ్చికైన పుస్‌ను గూర్చినది కాదు, ఎన్నడును మచ్చిక కాని ఈ టైనీని గూర్చినదే.

మూడవదియైన బెస్‌కు మొదటినుండియు జంకు లేదు. ఒకనాటి రాత్రి పిల్లి దాని చెక్కిలిపై తట్టగా, అది పిల్లి వీపుపై ముంగాళ్ళతో దరువు వేసి తరిమివేసెను. పాపము, అది ఎక్కువకాలము జీవింపలేదు. కడిగిన పెట్టె తడి యారకముందే దానిని అందులో ఉంచిరి. అదియే దాని మృత్యువునకు కారణమయ్యెను. ప్రేమ యెంత యున్నను, పోషణలో చిన్న ఏమరుపాటు ప్రాణము తీయగలదని బెస్ మరణము తెలుపుచున్నది.

మచ్చికైన మాత్రమున అడవి మరపునకు వచ్చునని తలపరాదు. 1780 ఆగస్టులో ఒకనాటి రాత్రి పుస్ జాలకపు త్రాళ్ళను కొరికి పారిపోయెను. పురుషులు, స్త్రీలు, పిల్లలు, కుక్కలు దాని వెంటబడగా ఊరంతయు పరుగెత్తి, తుదకు తోళ్ళు ఊనువారి గుంటలో పడెను. ఎవరో చెవులు పట్టి పైకి తీసి, సున్నము పోవునట్లు కడిగి, సంచిలో పెట్టి ఇల్లు చేర్చిరి. ఆ రాత్రి కథను కూపర్ తన మిత్రుడు జాన్ న్యూటనుకు వ్రాసిన లేఖ నేటికిని నిలిచియున్నది.

1784లో ‘జెంటిల్మన్స్ మేగజైన్’ అను పత్రికలో ఆయన ఈ కుందేళ్ళ చరిత్రను ప్రకటించెను. అందలి పరిశీలనకును నేటి జంతుశాస్త్రమునకును పొత్తు కుదురుచున్నది. కుందేటి కన్నులు తలకు ఇరుప్రక్కల నుండును. చుట్టును దాదాపు అంతయు కనబడునుగాని, ముక్కునకు సూటిగా ముందున్నది కనబడదు. పైనుండి దిగివచ్చు చేయి దానికి డేగవలె తోచును. కదలక మెదలక యుండుట శాంతికి గుర్తు కాదు, తరచు భయమునకే గుర్తు. బలవంతముగా ఎత్తిపట్టినప్పుడు అది గింజుకొని తన వెన్నెముకనే విరుగగొట్టుకొనవచ్చును. కావున వేడుకకు కొని విసిగి విడిచిన పెంపుడు కుందేటిని చేరదీయువారు దానికి సమముగా నేలపై కూర్చుండి, ప్రక్కనుండి మేత చూపి, అది తానై వచ్చువరకు వేచియుండవలెను. మన అడవికుందేటి విషయము వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ నిచ్చినది; దానిని పట్టి తెచ్చి పెంచరాదు.

ఉపాధ్యాయులకు ఈ మూడు కుందేళ్ళు అపరిచితములు కావు. ప్రతి తరగతిలోను బెస్‌వంటి బాలుడొకడు మొదటినాడే ముందుకు వచ్చును. పుస్‌వంటివాడు కష్టకాలమున తోడు నిలిచిన చేతిని నమ్మును. టైనీవంటివాడు ఏ చేతిని నమ్మడు. మొదటి యిద్దరును గురువునకు కీర్తి తెచ్చెదరు. గురువునకు పరీక్ష మూడవవాడు. ఫలితము చూపని చోటను మేత తగ్గింపకుండుటయే కూపర్ నడవడిలోని గొప్పతనము. మోకాళ్ళకు పైగా కన్నులెత్తలేకపోయిన బాలుడే పెరిగి, కన్నులెత్తని ప్రాణిపై కోపగింపని మనుష్యుడయ్యెను.

ఈ సేవవలన ఆయన వ్యాధి కుదిరెనని చెప్పుట సత్యము కాదు. అది తరువాతను వచ్చెను. 1800లో మరణించువరకు ఆయనను బాధించెను. కాని ఈ సహవాసమువలన వేటను వినోదముగా ఎంచుట ఆయనకు అసహ్యమయ్యెను. 1785లో ప్రకటించిన ‘టాస్క్’ కావ్యమున తనను గాయపడి మందను వీడిన జింకతో పోల్చుకొనెను. వేటకుక్కల అరపు నెరుగక తన యింట బ్రతుకుచున్న కుందేటినిగూడ స్మరించెను.

ఆ కుందేలు పుస్. 1786 మార్చి 9వ తేదీ మధ్యాహ్నము అది మరణించెను. దాని వయస్సు పదునొకండు సంవత్సరముల పదునొకండు మాసములనియు, వార్ధక్యమే కారణమనియు, బాధపడినట్లు కానరాలేదనియు కూపర్ ఒక కాగితముపై వ్రాసియుంచెను. పొలములలోని కుందేళ్ళలో పెక్కు కొలది యేండ్లలోనే నక్కకో, కుక్కకో, తుపాకికో చిక్కును. ముసలితనమువలన మరణించు భాగ్యము ఆ జాతిలో బహు కొద్దిదానికే దక్కును.