నడిబజారులో రహస్యం

పోస్టుకార్డు చూశారా మీరెప్పుడైనా? కవరు లేదు, జిగురు లేదు. పెట్టెలో వేసిన దగ్గర్నుంచి ఇల్లు చేరేవరకూ ఎంతమంది చేతుల్లో పడితే అంతమందీ హాయిగా చదువుకోవచ్చు.

ఇంటర్నెట్‌లో మన యంత్రాలు పంపుకునేవి కూడా మొదట పోస్టుకార్డుల్లాంటివే. మీరొక ఫోటో పంపితే అది చిన్నచిన్న ముక్కలవుతుంది. ఒక్కో ముక్కనూ ప్యాకెట్ అంటారు. ప్రతి ప్యాకెట్ మీదా ఎవరి నుంచి, ఎవరికి అనే చిరునామాలు ఉంటాయి. అవి దారిలో ఎన్నో యంత్రాల చేతులు మారుతూ పోతాయి. మనం ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ చేయకపోతే, ఆ దారిలో ఉన్న ఏ యంత్రమైనా లోపలి సంగతి చూడవచ్చు.

ఇప్పుడొక పని పెట్టుకుందాం. మీ ఇంట్లో కంప్యూటరు ఉంది. అందులో తాతయ్య పాత ఫోటోలున్నాయి. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మీ అక్క తన ఫోన్లోంచి వాటిని చూడాలి. ఫోటోలను ఏ కంపెనీ గిడ్డంగిలోనూ దాచడం మీకిష్టం లేదు. రెండు యంత్రాలూ నేరుగా మాట్లాడుకోవాలి, మూడోవాడికి ఒక్క ముక్క అర్థం కాకూడదు. సాధ్యమేనా?

సాధ్యమే. కాని ముందు దారి దొరకాలి కదా! పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం 429 కోట్ల చిల్లర. ప్రపంచంలోని యంత్రాలన్నిటికీ అవి చాలవు. అందుకని ఇంటికంతటికీ ఒకటే చిరునామా ఇచ్చి, లోపల ఎన్ని యంత్రాలున్నా వైఫై పెట్టె, అంటే రౌటర్, సర్దుకొనేటట్టు చేశారు. దీన్ని అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అనుకోండి. లోపలినుంచి ఎవరైనా ఉత్తరం పంపితే వాచ్‌మన్ తన పుస్తకంలో రాసుకుంటాడు. దానికి జవాబు వస్తే ఆ ఫ్లాటుకు చేరుస్తాడు. ఎవరూ అడగకుండా వచ్చిన ఉత్తరాన్ని మాత్రం బుట్టలో పారేస్తాడు. కొత్త పద్ధతిలో చిరునామాలకు కరువు లేదు గాని, అక్కడా గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఉండనే ఉంటాడు.

చిక్కు అర్థమైందా? మీ ఇంటి దగ్గరా వాచ్‌మనే, అక్క హాస్టల్ దగ్గరా వాచ్‌మనే. ఎవరు ముందు రాసినా అవతలి బుట్టలో పడుతుంది! దీనికి ఇంజనీర్లు భలే ఉపాయం కనిపెట్టారు. ఇద్దరూ తెలిసిన మూడో యంత్రాన్ని అడిగి ఒకరి బయటి చిరునామా ఒకరు తెలుసుకుంటారు. తరువాత ఇద్దరూ ఒకేసారి రాస్తారు. మొదటి ఉత్తరం బుట్టలో పడితే పడనివ్వండి. "మావాడు అక్కడికి రాశాడు" అని ఇద్దరు వాచ్‌మన్‌ల పుస్తకాల్లోనూ నమోదయింది కదా! ఆ తరువాత వచ్చేవి జవాబులే అనుకుని ఇద్దరూ లోపలికి వదులుతారు. చిరునామా చిరునామాకూ నంబరు మార్చేసే గడుసు వాచ్‌మన్‌లుంటే ఈ ఎత్తు పారకపోవచ్చు. అప్పుడు మూడో యంత్రం చేతే మోయించాలి. తాళం వేసిన పెట్టె అయితే ఎవరు మోస్తే ఏం?

ఆ తాళం సంగతే ఇక చూడాలి. అసలు కథ ఇక్కడుంది.

పెట్టెకు తాళం వేసి పంపితే అవతలివాళ్లకు తాళంచెవి కావాలి. తాళంచెవిని అదే దారిలో పంపితే దొంగ దాన్నీ చూస్తాడు. వేలాది ఏళ్లు రాజులూ సైన్యాలూ ఈ చిక్కుతో తలపట్టుకున్నారు. 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనే ఇద్దరు ఒక పద్ధతి ప్రకటించారు. తాళంచెవిని పంపనే అక్కరలేదు, నడిబజారులో నలుగురూ వింటుండగానే ఇద్దరు మనుషులు ఒక రహస్యం తయారు చేసుకోవచ్చునన్నారు. బ్రిటన్ ప్రభుత్వ గూఢలిపి సంస్థలో మాల్కం విలియమ్సన్ అనే ఆయన దీన్ని 1974 నాటికే కనిపెట్టాడు పాపం. కాని ఆ సంగతి కూడా రహస్యమే కాబట్టి 1997 దాకా లోకానికి తెలియలేదు.

పెన్సిలు తీసుకోండి. 17, 3 అనే రెండు అంకెలు అందరికీ తెలుసు, దొంగకు కూడా. అక్క మనసులో 6 అనుకుంది, ఎవరికీ చెప్పలేదు. ఆరు మూళ్లను గుణించింది, 729 వచ్చింది. దాన్ని 17తో భాగిస్తే శేషం 15. "పదిహేను" అని బయటికి చెప్పింది. మీరు మనసులో 7 అనుకున్నారు. ఏడు మూళ్లను గుణిస్తే 2187, 17తో భాగిస్తే శేషం 11. "పదకొండు" అని మీరు కేకేశారు.

ఇప్పుడు అక్క మీ 11ను ఆరుసార్లు వేసి గుణిస్తుంది, మీరు అక్క 15ను ఏడుసార్లు వేసి గుణిస్తారు. రెంటినీ 17తో భాగించి చూడండి. ఇద్దరికీ శేషం 8 వస్తుంది! ఎందుకంటే ఇద్దరూ చేసింది ఒకటే: మూడును 6 × 7, అంటే 42 సార్లు వేసి గుణించడం. దొంగ విన్నవి 17, 3, 15, 11 మాత్రమే. 15ను 11తో గుణించి చూస్తాడా? 165, శేషం 12. ఎనిమిది రాదు. శేషాన్ని మాత్రమే చూసి, ఎన్ని మూళ్లను గుణించారో వెనక్కి లెక్కకట్టడం చాలా కష్టం.

17 చిన్నది కాబట్టి మీరు పది నిమిషాల్లో కనిపెట్టేస్తారు, నాకు తెలుసు. అందుకే యంత్రాలు చిన్న సంఖ్యలతో ఆడవు. డానియల్ బెర్న్‌స్టయిన్ అనే గణితజ్ఞుడు 2005లో తయారు చేసిన పద్ధతి చూడండి. 255 రెళ్లను గుణించి అందులోంచి 19 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య దానికి ఆధారం. కాగితం మీద రాస్తే అది 77 అంకెలు! అందులో మామూలు గుణకారానికి బదులు ఒక వక్రరేఖ మీది బిందువులను కూడుతారు. కిటుకు మాత్రం మన లెక్కకు దాయాదే.

జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ఆయన రాసిన వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాము ఈ పద్ధతినే వాడుతుంది. 2020 మార్చిలో అది లినక్స్‌లో చేరింది. దాన్ని పెట్టుకున్న ప్రతి యంత్రం తన మనసులోని సంఖ్య తాను ఎంచుకుంటుంది. అది ప్రైవేట్ కీ, ఆ యంత్రం దాటి బయటికి రాకూడదు. అందులోంచి వచ్చే "పదిహేను" లాంటిది పబ్లిక్ కీ. రాస్తే 44 గుర్తులు, చివరిది ఎప్పుడూ సమాన గుర్తే. అక్క పబ్లిక్ కీ మీ కంప్యూటర్లో, మీది అక్క ఫోన్లో రాసుకుంటే సరి. తెలియనివాడు ఎవడైనా తలుపు తడితే వైర్‌గార్డ్ "ఎవరు?" అని కూడా అడగదు. లోపల మనుషులున్నారనే తెలియనివ్వదు! మాట్లాడుకుంటున్నంతసేపూ రెండు నిమిషాలకోసారి కొత్త తాళం మారుస్తుంది. కాబట్టి దొంగ అన్ని ప్యాకెట్లూ దాచిపెట్టుకుని, ఎప్పుడో మీ ప్రైవేట్ కీ కాజేసినా, పాత పెట్టెలు తెరుచుకోవు.

మరి ఇంత గణితమూ చేతకాక ఊరుకునే చోటు ఒకటుంది. "పదిహేను" అని అరిచింది అక్కేనని మీకెలా తెలుసు? మారీచుడు రాముడి గొంతుతో అరిస్తే సీతమ్మ కూడా మోసపోయింది. మధ్యలో ఒక మాయావి దూరి, మీతో అక్కలాగా, అక్కతో మీలాగా లెక్క కట్టాడనుకోండి. ఇద్దరి తాళాలూ వాడి దగ్గరే ఉంటాయి. అన్నీ చదివి, మళ్లీ తాళం వేసి పంపిస్తాడు, మీకు అనుమానమే రాదు. లెక్కలో తప్పేమీ లేదు. తప్పు మనిషితో లెక్క చేశారు, అంతే.

కాబట్టి ఆ 44 గుర్తులూ ఎలా చేతులు మారాయన్నదే కీలకం. సంక్రాంతికి అక్క ఇంటికొచ్చినప్పుడు పక్కపక్కన కూర్చుని రాసుకోవడం అన్నిటికంటే మేలు. లేదా మీకు తెలిసిన గొంతుతో ఫోన్లో ఒక్కొక్క గుర్తే చదివి సరిచూసుకోవచ్చు. పబ్లిక్ కీ ఎవరు విన్నా నష్టం లేదు, ఎవరూ మార్చకపోతే చాలు. కీలు పంచిపెట్టడం, వాచ్‌మన్‌లను దాటించడం అన్నీ తామే చేసిపెట్టే టెయిల్‌స్కేల్ వంటి సదుపాయాలూ ఉన్నాయి. ఎంతో సుఖం. కాని మామూలుగా వాడితే, పంచిపెట్టేవాళ్లు అసలు కీనే ఇచ్చారని నమ్ముతున్నట్టే లెక్క. ఆ సంగతి తెలిసి వాడితే మంచిది.

రెండు మాటలు మరువకండి. రెండు యంత్రాలు మాట్లాడుకుంటున్నాయన్న సంగతి, ఎంతసేపు మాట్లాడుకున్నాయన్న సంగతి దారిలోవాళ్లకు తెలుస్తూనే ఉంటాయి. ఏం మాట్లాడుకున్నాయో మాత్రం తెలియదు. ఇక అక్క ఫోను బస్సులో పోయిందనుకోండి, వెంటనే మీ కంప్యూటర్లోంచి ఆమె పబ్లిక్ కీ కొట్టెయ్యాలి. మరుక్షణం నుంచి ఆ ఫోనుకు మీ గుమ్మం మూసుకుపోతుంది.

రేపు బడిలో ఈ ఆట ఆడి చూడండి. 17, 3 బదులు 23, 5 తీసుకోండి. ఇద్దరు గదికి చెరో మూలా నిలబడి తమ శేషాలు గట్టిగా చెప్పాలి. క్లాసులో లెక్కల్లో మొదటివాణ్ణి మధ్యలో దొంగగా కూర్చోబెట్టండి. రహస్యం ఎన్ని నిమిషాల్లో పట్టుకుంటాడో గడియారం చూసి రాసుకోండి. ఆ తరువాత ఆట మార్చి, ఇద్దరినీ వెనక్కి తిప్పి నిలబెట్టి, మాటలన్నీ ఆ దొంగే మోసేటట్టు చేయండి. ఈసారి వాడికి ఎక్కువ సేపు పట్టదు.