గూడు కట్టడం తేలికే, దింపడమే పని

అంతర్వేది తీర్థానికి జనం గూడుబండ్లు కట్టుకుని వచ్చిన రోజుల్లో బండి మీది ఇంటికి కాంపర్ అనే మాట ఎవరికీ తెలియదు. వస్తువు మాత్రం తెలుసు. నిన్నటిదాకా పెంట తోలిన బండి మీద వెదురుబద్దల చట్రం నిలిపి, పైన తాటాకు చాప కప్పితే ఇల్లు. మాఘమాసంలో స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి రథం చూసుకుని ఊరు చేరాక ఇద్దరు పట్టి గూడు ఎత్తి చూరు కింద పెడితే మళ్ళీ పెంటబండి. గూడు ఉన్నంత మాత్రాన బండి పని మానలేదు. ఈ ఒక్క సంగతి మరిచిపోతే మనం వేసే నమూనా ఎంత అందంగా ఉన్నా దండగే.

ఇప్పుడు కోనసీమలో ఆ బండి చోటు టాటా ఏస్ లాంటి చిన్న ట్రక్కులది. దింపు రోజున కొబ్బరికాయలు మోసే ట్రక్కుని, ఏడాదికి నాలుగు ప్రయాణాల కోసం శాశ్వతంగా పడకగదిగా మార్చేస్తే ఇంట్లో వినాల్సిన మాటలు వేరే ఉంటాయి. అందుకే ఊడదీసే గూడు.

ముందు కొలతలు. ఏస్ గోల్డ్ తొట్టి పొడవు 2200 మిల్లీమీటర్లు, వెడల్పు 1490. అంటే ఏడడుగుల పైన రెండంగుళాలు, ఐదడుగులకు కాస్త తక్కువ. ఆరడుగుల మనిషి నిలువునా పడుకోవచ్చు, పక్కన ఇంకొకరు. ఇద్దరూ పడుకున్నాక మిగిలిన చోటు వంటగది. మిగలదు. కాబట్టి పొయ్యి వెనక తలుపుకి తగిలించి, తలుపు తెరిచి బయట నిలబడి వండుకునేలా పెట్టుకోవాలి. గాలి ఆడనిచోట గ్యాసు వెలిగించకపోవడం మంచిది కూడాను.

తర్వాత బరువు. ఏస్ మోసేది సుమారు 750 కిలోలని చెబుతారు. ఆ లెక్క తొట్టి అడుగున పరుచుకునే సరుకుకి. గూడు బరువు పైకి లేస్తుంది, పక్కగాలికి తెరచాపలా నిలబడుతుంది. అంగుళం చదరపు ఇనపగొట్టం, 16 గేజిది, మీటరుకి దాదాపు కిలో పావు. అరవై మీటర్లు పడితే 70 కిలోలు దాటింది. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెద్ద షీటు 18 కిలోల దాకా తూగుతుంది, ఎనిమిది కావాలి. నీళ్ళు లీటరుకి కిలో, ఈ లెక్కలో ఎవరూ బేరమాడలేరు. నిండు గ్యాసుబండ 30 కిలోలు, ఇన్వర్టరు బ్యాటరీ 50 పైనే. పరుపు వేయకుండా, నీళ్ళు కలపకుండానే 300 దగ్గరికి వచ్చాం. మొత్తం 500 లోపు ఆపాలని నా పట్టు. పాలరాయి గట్టు కావాలనేవాళ్ళు ఇంటి దగ్గరే ఉండిపోవచ్చు.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ చూడాలి. బండి తోలినవాళ్ళకిది చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి పోతే కాడి లేస్తుంది, ముందుకి పడితే ఎద్దుల మెడ విరుగుతుంది. ట్రక్కుకైనా అంతే. బరువు కేంద్రం వెనక ఇరుసుకి కొంచెం ముందుండాలి. వెనక్కి జరిగిందంటే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీ క్యాబిన్ వైపు అడుగున పెట్టేది అందుకే.

ఇక అసలు సంగతి, దింపడం. పాత గూడు ఇద్దరు ఎత్తారు, ఇది పదిమంది ఎత్తేది. అందుకని నాలుగు మూలలా నాలుగు జాకీ కాళ్ళు. కాళ్ళు నేలకి దించి, గూడుని తొట్టి మీంచి నాలుగంగుళాలు లేపి, ట్రక్కుని కిందనుంచి ముందుకి నడిపేయడం. కాళ్ళ మధ్య ట్రక్కు దూరాలి కనుక అటూ ఇటూ కనీసం జానెడు ఖాళీ ఉంచాలి. పొరపాటున కాలికి ట్రక్కు తగిలితే ఏమవుతుందో రాయడం అనవసరం. ప్రయాణంలో కాళ్ళు ఊడదీసి లోపల పెట్టుకునేలా బోల్టులు ఉండాలి, లేకపోతే కాలవగట్టు రోడ్డు మీద ఎదురొచ్చే బస్సు వాటిని ఊడదీస్తుంది. సముద్రపు ఒడ్డున దింపితే ఇసక ఒక్కో కాలినీ ఒక్కో లోతుకి మింగుతుంది. కాలికొక మందపాటి కొబ్బరిచెక్క పలక తప్పదు.

కట్టే చోటు కూడా చూసుకోండి. తొట్టి అంచులకి కాదు, చాసిస్‌కి కట్టాలి. ఉప్పుగాలికి ఇనుముతో అల్యూమినియం రేకు నేరుగా ఆనితే రేకు పాడైపోతుంది. మధ్యలో రబ్బరు పట్టీ వేయండి, గొట్టాల చివర్లు మూసేయండి.

ఈ పద్ధతి మనకే పరిమితమైన వింతేమీ కాదు. నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ 1960లో ఇలాంటి గూడు ఎక్కించిన పికప్‌లో కుక్కని వెంటబెట్టుకుని అమెరికా చుట్టి వచ్చాడు. ఆ బండికి నవలానాయకుడు డాన్ కిహోటే గుర్రం పేరు పెట్టుకున్నాడు. గూడుతో సహా ఆ బండి ఇప్పుడు కాలిఫోర్నియాలోని సాలినాస్‌లో ప్రదర్శనలో ఉంది.

మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా వచ్చేలా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఊడొస్తుంది కదా అని ధీమా వద్దు, పని మొదలెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. బండి నడిచేటప్పుడు గూట్లో మనిషి ఉండకూడదు. తీర్థం రోజుల్లో సరుకు బండ్లలో ఎంతమంది ఎక్కుతారో నాకూ తెలుసు. సరుకుగా ప్రయాణించడం మన అలవాటు, చట్టం కాదు.

చివరిగా వెనక వేలాడే భాగం. నరసాపురం నుంచి నది దాటించే పంటు మీద సఖినేటిపల్లి దిగేవాళ్ళు దీన్ని మరీ జాగ్రత్తగా చూడాలి. పొయ్యి కోసమని గూడుని వెనక్కి రెండడుగులు పొడిగించారనుకోండి, ముందు చక్రాలు గట్టు ఎక్కేసరికి వెనక అంచు పంటు దింపుడు పలకకి రాసుకుంటుంది. పోటుకీ పాటుకీ ఆ పలక వాలు మారుతుంది. నమూనా గీయకముందే టేపు పట్టుకుని రేవుకి వెళ్ళి, రెండుసార్లు, పాటు వేళ ఒకసారి, పోటు వేళ ఒకసారి, కొలిచి రండి.