నగరం నడిబొడ్డు ఎవరిది?

హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి, రాళ్లు పరిచి, జనం నడిచే చోటుగా మార్చారు. 2021లో ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు జనానికి వదిలారు. నగరాల పాత సెంటర్లను ఇలా నలుగురూ కలిసే చోట్లుగా మార్చడం మంచిదే. ఊరు వేరు, వాడ వేరుగా బతికిన మనకు, కులం అడగకుండా పక్కపక్కన నిలబడే చోటు కావాలి. అబిడ్స్‌లో ఆదివారం మూతపడ్డ దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని చదువుకున్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. పెద్ద ఖర్చేమీ లేకుండానే అది జనం సెంటర్ అయింది.

కానీ సుందరీకరణ మొదలైతే ముందు కదిలేది తోపుడు బండ్లు, ఫుట్‌పాత్ మీది గంపలే. తెల్లారకముందే ఆ వీధి ఊడ్చేవాళ్లలో దళిత మహిళలే ఎక్కువ. వాళ్లు కాసేపు కూర్చునే నీడ, వాడుకునే మరుగుదొడ్డి ఆ ప్లాన్‌లో ఉన్నాయా?

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం మనకు ఇక్కడ ఆయుధం. సర్వే పూర్తయి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. 50 ఏళ్లు దాటిన సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడివాళ్లను కదిలించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగులకు 'తగిన ప్రాతినిధ్యం' ఇవ్వాలి. మహిళలకు లెక్క చెప్పిన చట్టం, మన దగ్గరికి వచ్చేసరికి 'తగిన' అనే మాటతో సరిపెట్టింది. ఆ సందులోంచే మన కుర్చీ జారిపోతుంది.

కాగితం మీది హక్కు తనంతట తాను నడిచిరాదు. బహిరంగ చెరువులు, బావులు అంటరానివారికి తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. 1924లో మహద్ మున్సిపాలిటీ కూడా సరేనంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వెంట జనం నడిచి వెళ్లి ఆ చెరువు నీళ్లు తాగాల్సి వచ్చింది.

మీ ఊళ్లో సెంటర్‌ను బాగుచేస్తామంటే వద్దనకండి. మున్సిపాలిటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. వెండింగ్ కమిటీకి ఎన్నికలు జరిగాయా? అందులో ఎస్సీలు ఎందరు? సర్వే ఎప్పుడు చేశారు? పారిశుధ్య కార్మికులకు ఏ వసతి చూపారు? రాళ్లు పరిచాక అడిగితే లాభం తక్కువ. డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి.