గాలానికి చేప కానిది తగిలితే

వర్షాలకు చెరువులు నిండగానే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పిల్లలు గాలాలు బయటికి తీస్తారు. అయితే బెండు మునిగిన ప్రతిసారీ వచ్చేది చేపే కాదు. గాలానికి పడ్డ చేపను నోట కరచుకుని నీరుకట్టె వస్తుంది. విషం లేని పామే, కానీ గట్టిగా కరుస్తుంది. పామును పోలిన బొమ్మిడాయికి మాత్రం జంకనక్కర లేదు. అది మొప్పలున్న చేప, కూరకు శ్రేష్ఠమైనది.

అసలు చిక్కు తాబేలుతోనే. మెత్తని డిప్ప గల మన చెరువు తాబేలు ఎరను గాలంతో సహా మింగేస్తుంది. పుంగనూరు దగ్గర ఒకనాడు మా అబ్బాయి దారం గుంజబోతే చేయి పట్టి ఆపాము. గుంజితే దాని గొంతు చీలిపోతుంది. ముల్లు లోతుగా దిగితే దారాన్ని కత్తిరించి, అటవీ సిబ్బందికో పశువైద్యునికో అప్పగించాలి.

"ఇది తినొచ్చా అబ్బా?" అన్నాడు వాడు. హనఫీ ఫిఖహ్ ప్రకారం నీటి జీవుల్లో చేప మాత్రమే హలాల్. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలును పట్టడాన్నే నిషేధించింది.

కొందరు కప్పను ఎరగా గుచ్చుతారు. కప్పలను చంపడాన్ని ప్రవక్త (స) వారించినట్లు అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. మా వాడి డబ్బాలో ఇప్పుడు వానపాములే ఉంటున్నాయి.