పాట ఒకటి, రూపములు వేయి
(గ్రేట్‌ఫుల్ డెడ్ బృందము – దాని శ్రోతలు)

‘డార్క్ స్టార్’ అను పాట నిడివి ఎంత? ఈ చిన్న ప్రశ్నకు గ్రేట్‌ఫుల్ డెడ్ అను అమెరికా దేశపు రాక్ సంగీత బృందము అభిమానులు ఒక్క సమాధానము చెప్పరు. 1968లో అది చిన్న రికార్డుగా వెలువడినప్పుడు 3 నిమిషములు కూడ లేదు. మరుసటి సంవత్సరము ‘లైవ్ డెడ్’ అను ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషములు సాగినది. వేదికపై అంతకంటె దీర్ఘముగా సాగిన రాత్రులును కలవు. వీనిలో అసలు పాట ఏది? అభిమానుల నడుమ ఈ వాదము అర్ధశతాబ్దమునకు మించి నడచుచున్నది. ఏ ప్రభుత్వమును, ఏ విశ్వవిద్యాలయమును తలపెట్టని ఒక సంగీత భాండాగారము ఆ వాదము నుండియే పుట్టినది.

ఈ బృందము 1965లో కాలిఫోర్నియాలో ఏర్పడినది. జెర్రీ గార్సియా, బాబ్ వేర్ గిటారులపైనను, ఫిల్ లెష్ బేస్ గిటారుపైనను, బిల్ క్రాయిట్స్‌మన్ డ్రమ్సుపైనను, రాన్ మెకెర్నన్ ఆర్గన్‌పైనను ఉండెడివారు. 1967లో రెండవ డ్రమ్సు వాద్యకారుడుగా చేరిన మిక్కీ హార్ట్ మన తబలా విద్వాంసులు ఉస్తాద్ అల్లారఖా వద్ద లయను అభ్యసించినారు. 11 మాత్రల లెక్కతో నడచు ‘ది ఎలెవెన్’ అను పాటను వినిన మన శ్రోతకు ఆ నడక అంత అపరిచితముగా తోచదు. అనంతరకాలమున 1991లో హార్ట్ రూపొందించిన ‘ప్లానెట్ డ్రమ్’లో జాకీర్ హుస్సేన్ తబలాయు, విక్కు వినాయక్‌రామ్ ఘటమును వినవచ్చును. 1995 ఆగస్టు 9న గార్సియా మరణించుటతో బృందము ముగిసినది. 30 ఏండ్లలో వారు చేసిన కచేరీలు సుమారు 2,300.

అన్ని కచేరీలకు వెళ్ళి వినవలసినది ఏమున్నది అని సందేహము కలుగవచ్చును. వారు ఏ రాత్రి ఏ పాటలు పాడుదురో ముందుగా ఎవరికిని తెలియదు. పాట మొదలైన పిదప మధ్య భాగమున మనోధర్మమును బట్టి వాయించుచు, ఎక్కడను ఆగకుండ మరొక పాటలోనికి జారిపోయెడివారు. ముషాయిరాలో నచ్చిన షేర్‌ను శ్రోతలు ‘ముకర్రర్’ అని మరల కోరుదురు. పద్యనాటకములో ‘వన్స్ మోర్’ అందురు. అనగా విన్నదానినే మరల వినవలెనని మన కోరిక. ఈ అభిమానుల కోరిక దీనికి విరుద్ధము. నిన్న విన్నది నేడు వినబడరాదను ఆశతోనే వారు ఊరూర బృందము వెంట తిరిగెడివారు.

స్టూడియోలో తయారైన ఆల్బమ్‌లను వారు తక్కువ చేయలేదు. 1970లో వెలువడిన ‘వర్కింగ్‌మన్స్ డెడ్’, ‘అమెరికన్ బ్యూటీ’ రెండును పొందికైన చిన్న పాటల సంపుటములు. వానిలో పెక్కు పాటలకు సాహిత్యము రాబర్ట్ హంటర్‌ది. క్రొత్తవారు వీనితోనే ఆరంభించుట మేలని నా అభిప్రాయము. 23 నిమిషముల పాటతో మొదలిడినవాడు సగములోనే లేచిపోయినచో అతనిని నిందింపరాదు!

అయితే కచేరీ గాలిలో కలిసిపోవునది. దానిని నిలుపుకొనుటకై కొందరు శ్రోతలు తొలి దినములలో మైకులను దుస్తులలో దాచుకొని పోయి టేపులపై ముద్రించుకొనిరి. బృందము దీనిని చాలకాలము చూచియు చూడనట్లు ఊరకుండి, తుదకు 1984 అక్టోబరులో టేపు చేయువారికి ప్రత్యేకముగా స్థలమునే కేటాయించినది. షరతు ఒక్కటే: అమ్మరాదు. టేపు కావలసినవాడు ఖాళీ టేపును, తిరుగు తపాలా ఖర్చును పంపును. ఉన్నవాడు ఉచితముగా నకలు తీసి పంపును. నకలుకు నకలు తీయుకొలది ‘బుస్సు’మను రొద పెరుగును గనుక, ఏ టేపు ఎన్నవ తరము నకలో పెట్టెపై వ్రాసికొనెడివారు. బృందమున కిది కేవలము ఔదార్యము కాదు. వారి రాబడికి రికార్డులకంటె కచేరీలే ఆధారము. టేపు వినినవాడు మరునాడు టిక్కెట్టు కొనును. ఐనను, లాభము కలిగినంతమాత్రమున ఔదార్యము అబద్ధమగునని నేననుకొనను.

ఈ టేపులలో మిక్కిలి పేరొందినది 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయపు బార్టన్ హాలులో జరిగిన కచేరీ. బెట్టీ కాంటర్-జాక్సన్ అను ధ్వనిముద్రణ నిపుణురాలు, వేదికపై మైకులన్నియు వచ్చి చేరు మిక్సరు నుండి నేరుగా దానిని ముద్రించినారు. ఆమె టేపులు గిడ్డంగిలో పడియుండగా, బకాయి చెల్లనందున 1986లో వేలమునకు పోయి అన్యుల చేత చిక్కినవి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011 సంవత్సరపు సంరక్షణీయ ధ్వనిముద్రణల జాబితాలో ఈ కచేరీని చేర్చినది. 2017లో గాని ఇది బృందము పేర అధికారికముగా వెలువడలేదు. అదియే సర్వోత్తమమని కొందరు. కాదు, మరునాడు బఫెలోలో జరిగినదే మిన్న అని మరికొందరు. ఈ తగవు తీరలేదు.

టేపులు సేకరించు అభిమాని యగు డిక్ లాట్‌వాలా కాలక్రమమున బృందపు టేపుల భాండాగారమునకే సంరక్షకుడైనారు. ఆయన ఎంపికతో 1993లో ‘డిక్స్ పిక్స్’ అను కచేరీల సంపుటములు ఆరంభమైనవి. ఇక్కడనే చిక్కు మొదలైనది: ఉచితముగా చేతులు మారు సంగీతమునే విక్రయింపవలసి వచ్చినప్పుడు హక్కు ఎవరిది? 2005 నవంబరులో, ఇంటర్నెట్ ఆర్కైవ్ నుండి ఈ కచేరీలను దింపుకొను సౌకర్యము బృందము పక్షమున రద్దయినది. పాడినవారు తామే గనుక హక్కు తమదే యనుట బృందము వాదము కావచ్చును. తాము మోసి, నకలు తీసి, కాపాడనిచో అందులో చాల భాగము మిగిలియుండెడిదే కాదని అభిమానుల వేదన. నిరసన పత్రములు వెలువడినవి. ఇకమీదట ఏమియు కొనబోమని పలువురు ప్రతినపూనిరి. ఆ నిర్ణయములో తన ప్రమేయము లేదని ఫిల్ లెష్ బహిరంగముగా ప్రకటించినారు. కొద్ది దినములలోనే రాజీ కుదిరినది. శ్రోతలు తమ మైకులతో ముద్రించినవానిని మునుపటివలె దింపుకొనవచ్చును. మిక్సరు నుండి ముద్రించినవానిని మాత్రము అక్కడనే వినవలెను.