పాత బుల్లెట్టు బండి క్లచ్చు చప్పుడు

గార్లదిన్నె ప్రాంతమున నేటికిని పాత బుల్లెట్టు మోటారుసైకిళ్లు కొన్ని కానవచ్చుచున్నవి. అనంతపురమునుండి గుత్తికి బోవు 44వ నంబరు జాతీయ రహదారిమీదను, మధ్య పెన్నారు జలాశయపు త్రోవలందును వీని శబ్దము దూరమునుండియే గుర్తింపవచ్చును. ఈ బండి జన్మస్థానము ఇంగ్లండులోని రెడిచ్ పట్టణము. 1955వ సంవత్సరమున మద్రాసు మోటార్సువారు రెడిచ్ కంపెనీవారితో గూడి ఎన్‌ఫీల్డ్ ఇండియా అను సంస్థను స్థాపించిరి. అటుపిమ్మట మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరునందు ఈ బండ్లు తయారగుచు వచ్చెను. కుడికాలితో గేరు మార్చుటయు, ఎడమకాలితో బ్రేకు త్రొక్కుటయు గల ఆ పాత తరపు బండిని గూర్చియే యిచట వ్రాయుచున్నాము.

మా విద్యార్థి యొకని తండ్రిగారు ఇట్టి బండినొకదానిని సాయంకాలము పాఠశాల ఆవరణములోనికి నడిపించుకొని వచ్చిరి. ఇంజను నడచుచుండగా రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి కుదిపినట్లు ఎడమప్రక్కనుండి చప్పుడు వచ్చుచుండెను. క్లచ్చు మొత్తము మార్చవలెనని పట్టణమున నొక మెకానిక్కు చెప్పెనట. ఆ యేడు వేరుసెనగ చేతికి రాలేదు. బండి లేనిదే వారికి పొలమునకు గాని, సంతకు గాని పోవు సాధనము లేదు. కావున సామాను కొనుటకు ముందు చప్పుడెచ్చటిదో తేల్చుకొందమని మేమును, పై తరగతి బాలురు కొందరును పూనుకొంటిమి.

క్లచ్చు పని తెలిసినగాని చప్పుడు తెలియదు. ఇంజను శక్తి ఎడమప్రక్క పెట్టెలోని గొలుసు ద్వారా క్లచ్చు డ్రమ్మునకు వచ్చును. దీనిని ప్రైమరీ చైను అందురు. వెనుక చక్రమును త్రిప్పు గొలుసు వేరు. డ్రమ్ములో పలకలు ఒకదానిమీద నొకటి పేర్చబడియుండును. రాపిడి పలకల చెవులు డ్రమ్ము గాళ్లలో ఇమిడియుండును. నున్నని ఉక్కు పలకలు నడిమి భాగమును పట్టుకొనియుండును. ఆ నడిమి భాగము గేరుపెట్టె ఇరుసుమీద బిగింపబడినది. జొన్నరొట్టెల దొంతరను పైనుండి అరచేతితో నదిమి అడుగు రొట్టెను త్రిప్పినచో దొంతర యంతయు తిరుగును. చేయి యెత్తినచో అడుగుది మాత్రమే తిరుగును. అరచేయి చేయు పనిని ఇచట స్ప్రింగులు చేయును. లీవరు పట్టినపుడు తీగ లాగగా, బోలు ఇరుసులోనుండి పోవు సన్నని కడ్డీ స్ప్రింగులకు ఎదురొత్తి పలకలను విడదీయును.

పరీక్షను బయలునందే చేయవలెను. మూసిన గదిలో ఇంజను నడపిన విషవాయువు నిండును. పంచెకొంగు గాని, ఓణీ గాని తిరుగు భాగముల దరికి పోరాదు. గేరు న్యూట్రలులో నుంచి, ఇంజనును మెల్లగా నడపి, లీవరును పట్టుచు విడచుచు చెవియొగ్గవలయును. లీవరు పట్టగానే చప్పుడు ఆగినచో, అప్పుడు వేగము తగ్గి నిలుచునది గేరుపెట్టె ఇరుసు గనుక, దాని బేరింగులను అనుమానింపవలెను. పట్టినపుడే చప్పుడు పుట్టినచో, విడివడిన పలకలు అరిగిన గాళ్లలో ఆడుచుండవచ్చును, లేదా ఒత్తుడు కడ్డీ కొనలు అరిగియుండవచ్చును. పట్టినను విడచినను మారనిచో, ఇంజనుతో ఎల్లప్పుడును తిరుగు ప్రైమరీ చైనే మొదటి ముద్దాయి.

చప్పుడు తావును పట్టుకొనుటకు పొడవైన స్క్రూడ్రైవరు మొనను పెట్టెకు ఆనించి, పిడిని చెవికి చేర్చిన చాలును. 1816లో లెనెక్ అను ఫ్రెంచి వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి రోగి హృదయధ్వనిని వినెను. నేటి వైద్యుల మెడలోని స్టెతస్కోపు అట్లే పుట్టినది. మా బాలురకు ఈ సంగతి చెప్పినపిదప స్క్రూడ్రైవరుకొరకు పెనుగులాట జరిగినది!

ఆ బండి చప్పుడు లీవరుతో చాలవరకు మారలేదు. చల్లగా నున్నపుడు హెచ్చుగను, వేడెక్కిన పిమ్మట కొంత తక్కువగను ఉండెను. ఇది మంచి ఆనవాలు. వేడికి అల్యూమినియపు పెట్టెలు వ్యాకోచించి రెండు పళ్లచక్రముల నడుమ దూరము రవ్వంత పెరుగును. గొలుసు ఆ మేరకు బిగియును. ఈ కారణము చేతనే గొలుసును చల్లనివేళ మరీ బిగించుట ప్రమాదము. వేడిమికి అది ఇంకను బిగిసి బేరింగులను తినివేయును.

ఇంజను నాపి, చల్లారనిచ్చి, ఎడమ పాదపీఠమును, బ్రేకు పెడలును అడ్డు తొలగించి, నడుమనున్న ఒక్క నట్టు విప్పగా మూత ఊడివచ్చినది. క్రింద పళ్లెము పెట్టనిచో నూనె యంతయు నేలపాలగును. పెట్టె లోపలిగోడమీద గొలుసు ఒరసిన గీతయు, నూనెలో వెండి పొడివంటి మెరుపును కనబడెను. గొలుసు నడుమ వ్రేలితో ఎత్తి చూడగా ఆట అంగుళమునకు దాపుగా నుండెను. ఉండవలసినది కాలంగుళము, అనగా సుమారు 6 మిల్లీమీటర్లు. గొలుసు అంతటను ఒక్కతీరున అరుగదు గనుక ఇంజనును మెల్లగా చేతితో త్రిప్పుచు, మిక్కిలి బిగువైన చోటనే ఈ కొలత తీయవలెను. ఈ చిన్న పని చేయక తొందరపడువారే ఎక్కువ.

ఇట్టి గొలుసును ఉపేక్షించుట చెవికి మాత్రమే బాధ కాదు. తెగి పెట్టెలో చిక్కుకొన్నచో, నడచుచున్న బండి వెనుక చక్రము ఒక్కసారిగా పట్టివేయవచ్చును. వెనుక పిల్లవానిని కూర్చుండబెట్టుకొని లారీల నడుమ పోవు తండ్రికి అది ప్రాణగండము. అట్టి సమయమున లీవరు పట్టిన చక్రము విడివడును గాని, ఆ స్ఫురణ అందరికిని కలుగునా?

గొలుసు క్రింద ఆనుపలక యొకటి గలదు. దానిని మరతో పైకి నెట్టి ఆటను కాలంగుళమునకు తెచ్చితిమి. ఆ పలక చివరివరకు నెట్టినను ఆట తగ్గనిచో గొలుసు మార్చక తప్పదు. ఇచట ఇంకను చోటుండెను. పిమ్మట పలకలను తీసి చూడగా డ్రమ్ము గాళ్ల అంచులమీద చెవులు కొట్టిన చిన్న గంట్లు తేలినవి. వానిని సన్న ఆకురాతితో అన్ని గాళ్లను సమముగా నుండునట్లు మెత్తగా రాచితిమి. గంట్లు లోతుగా నున్నచో రాచిన కొలది ఆట పెరుగును గనుక డ్రమ్మే మార్చవలసియుండును. స్ప్రింగు మరలను సమముగా బిగింపనిచో పైపలక వంకరగా లేచును. కావున లీవరు పట్టి, పలక సరిగా తిరుగుచున్నదో లేదో చూచితిమి. తుదకు లీవరు కొనవద్ద తీగకు రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉంచితిమి. అది లేనిచో ఒత్తుడు కడ్డీ సదా ఒత్తబడి వేడెక్కి అరుగును, క్లచ్చును జారును.

క్రొత్త నూనె పోసి మూత బిగించి ఇంజను నడపగా గులకరాళ్ల మోత పోయెను. లీవరు పట్టినపుడు చిన్న గలగల మాత్రము మిగిలినది. ఆ వయసు బండికి అది దోషము కాదని చెప్పితిమి. ఆయనకు పట్టిన ఖర్చు నూనె వెల మాత్రమే. నెల గడచినపిదప మరల మూత తీసి గొలుసును కొలిచితిమి. ఆట కాలంగుళముననే యుండెను.