ఒక పియానో – నాలుగు చేతులు



మన ఇళ్ళల్లో హార్మోనియం ముందు ఒక్కరే కూర్చుంటాం. పియానోకి 88 మెట్లు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నాలుగు చేతులతో వాయించవచ్చు. ఒక్కోసారి రెండు పియానోలు కూడా పెడతారు. బ్రెజిల్ పాటలకి ఈ పద్ధతి ఎంత బాగా నప్పిందో, అందులో ఒక స్త్రీ పేరు ఎలా మరుగున పడిందో ఇవాళ చెప్పుకుందాం.

19వ శతాబ్దంలో రియో డి జనీరోలో 'షోరో' అనే సంగీతం పుట్టింది. వేణువు పాట పలుకుతుంది, గిటారు మంద్రస్వరాలు ఇస్తుంది, 'కవకీన్యో' అనే నాలుగు తీగల చిన్న వాద్యం లయ నడుపుతుంది. కిటుకంతా ఆ లయలోనే ఉంది. 'ఒకటి, రెండు' అని తాళం వెయ్యండి. పొట్టి, పొడుగు, పొట్టి అని నడిచే స్వరాల్లో ఆ పొడుగుది దెబ్బ మీద కాక, దెబ్బల మధ్య పడుతుంది. అందుకే కాలు ఊరుకోదు!

ఒక్కరే వాయిస్తే మంద్రమూ, లయా రెండూ ఎడమచేయే చూసుకోవాలి. పాలు పొంగకుండా చూస్తూ పోపు వేసినట్టన్నమాట. ఇద్దరైతే కుడివైపు వారిది పాట, ఎడమవైపు వారిది తాళం. పెడల్ తొక్కేదీ సాధారణంగా ఎడమవైపు వారే. ఒకరు తొందరపడితే ఇద్దరిదీ చెడుతుంది.

1917లో దారియుస్ మియో అనే ఫ్రెంచి సంగీతకారుడు తమ దేశపు రాయబారికి కార్యదర్శిగా రియో వచ్చాడు. ఆ వీధిపాటలు విని ముగ్ధుడయ్యాడు. స్వదేశం వెళ్ళి 1919లో 'ఇంటికప్పు మీద ఎద్దు' అని అర్థం వచ్చే పేరుతో ఒక రచన చేశాడు. దాన్ని నాలుగు చేతుల పియానోకి కూడా తనే రాశాడు. 1937లో రెండు పియానోలకి రాసిన 'స్కారమూష్'లో చివరి భాగం సాంబా నడకే.

అయితే ఆ 'ఎద్దు'లో పాటలు చాలామటుకు రియో వాళ్ళవి. అచ్చులో వాళ్ళ పేర్లు లేవు. ఏది ఎవరిదో పరిశోధకులు తరవాత వెతికి తేల్చాల్సి వచ్చింది. అందులో ఎర్నెస్తో నజరే పాటలున్నాయి, షికీన్యా గొన్జాగా పాటా ఉంది.

ఎవరీ షికీన్యా? 1847లో రియోలో పుట్టారు. పదహారేళ్ళకే పెళ్ళి చేశారు. భర్తకి ఆవిడ సంగీతం గిట్టలేదు. బయటికొచ్చి పియానో పాఠాలు చెప్పుకుని బతికారు. 1885లో నాటకశాలలో వాద్యబృందాన్ని నడిపించారు. బ్రెజిల్‌లో ఆ పని చేసిన మొదటి స్త్రీ ఆవిడే. తన పాటలు పైదేశంలో అనుమతి లేకుండా అచ్చవడం చూసి రచయితల హక్కుల కోసం పోరాడారు. నాటక రచయితల సంఘం స్థాపించినవారిలో ఆవిడా ఒకరు. ఎప్పుడంటారా? 1917లో, సరిగ్గా మియో రియోలో దిగిన ఏడాదే! విచిత్రం కదూ?

మియో చేసింది చిన్న పనని నేననను. ఆ పాటలని దేశదేశాలకీ తీసుకెళ్ళాడు. కానీ పక్కింటావిడ నేర్పిన కూర వండి మెప్పు పొందినప్పుడు, "ఆవిడ చెప్పిందండీ" అనడం మర్యాద కదా! ఈసారి రేడియోలోనో, మీ పిల్లల ఫోనులోనో ఈ నాలుగు చేతుల సంగీతం వినబడితే, ఆ వెనకున్న అయిదో చెయ్యిని కూడా తలుచుకోండి.

సెలవు.